ఈ వయసులో మీకెందుకండీ!

నేను రిటైరైన రోజు మే 31. ఆ నెలలో విజయనగరంలో ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా వీపుకు అంటుకుపోతుంది. ఆ ఉక్కలో మా ఆఫీసువాళ్లు నాకు ఒకదాని మీద ఒకటిగా ఏడు శాలువాలు కప్పారు. తీసి పక్కన పెట్టబోతే, "ఫొటో అయ్యేదాకా ఉండనివ్వండి మాస్టారూ" అన్నాడు సంఘం కార్యదర్శి. ఆపైన ఒక భగవద్గీత, ఒక గోడ గడియారం. మాట్లాడినవాళ్లు పదకొండుమంది. అందులో తొమ్మిదిమంది చివరికొచ్చేసరికి ఒకే మాట అన్నారు: "ఇక కృష్ణా రామా అనుకుంటూ హాయిగా ఇంటిపట్టున ఉండండి." అలా అన్నవాళ్లలో ఒకడికి ముప్ఫై రెండేళ్లు. నాకప్పుడు అరవై.

దీవెనలా వినిపించే ఆ మాటలో నాకు బదిలీ ఉత్తర్వు కనిపించింది. ముప్ఫై ఆరేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి, ఉత్తర్వును పోల్చుకోలేనా? కొత్త స్థానం హాల్లో టీవీ ఎదుట, సోఫా కుడి మూల. విధులు: పేపరు చదవడం, గ్యాస్ బండ వస్తే తలుపు తీయడం, మాత్రలు మరిచిపోకుండా వేసుకోవడం. పదవీకాలం ఎంతో రాయలేదు.

అసలు ముసలితనం ఎప్పుడు మొదలవుతుందో మన రాష్ట్రంలో జీవోలే చెబుతూ వచ్చాయి. 1983లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి కాగానే ఉద్యోగుల విరమణ వయసు 58 నుంచి 55కి దించేశారు. దించిననాడు ఆయనకే అరవయ్యో ఏడు నడుస్తోంది. మరుసటి ఏడాది అది మళ్లీ 58 అయింది. తర్వాత 60. ఇప్పుడు ఆంధ్రలో 62, తెలంగాణలో 61. నల్లగొండలో ముసలివాడైనవాడు చుండూరులో ఇంకా పడుచువాడేనన్నమాట. జీవోలు ఏం చెప్పినా, అరవై దాటినవాళ్లకు మన దేశంలో సగటున ఇంకో 18 ఏళ్ల ఆయుష్షు ఉంటుంది. ఒకటో తరగతిలో పలక పట్టుకున్నవాడు ఎమ్మే పట్టా పుచ్చుకునేంత కాలం, ఇంచుమించు. అంత కాలాన్ని సోఫా కుడి మూలకు రాసిచ్చేయమనే అభిప్రాయం మీద నాకు తగాదా ఉంది.

తగాదా పెట్టుకోవడం తేలికేం కాదు. ఇది చెడ్డవాళ్లు అనే మాటైతే ఎదురు తిరగొచ్చు. ప్రేమగల కొడుకులూ కోడళ్లూ, మర్యాద తెలిసిన ఇరుగుపొరుగూ అనే మాట ఇది. "మీకెందుకు శ్రమ?" అంటారు. "ఏం సాధించాలని?" అంటారు. "పడితే?" అంటారు. అన్నిటికీ తల్లి మాట ఒకటుంది: "ఈ వయసులో మీకెందుకండీ!" ప్రశ్నలా ఉంటుంది గానీ దానికి జవాబు చెప్పబోతే ఎవరూ వినరు. అది తలుపు గడియ పడే చప్పుడు.

రిటైరైన మూడో వారం నేను ఫిడేలు కొన్నాను. కొట్టువాడు "మనవడికా, మనవరాలికా?" అన్నాడు. నాకే అన్నాను. ఓ క్షణం నన్ను ఎగాదిగా చూసి, అడక్కుండానే మూడొందలు తగ్గించాడు. అది బేరం వల్ల తగ్గిన ధర కాదు, జాలి వల్ల తగ్గింది. బెంగుళూరు నుంచి అబ్బాయి ఫోనులో, "కాలక్షేపానికైతే ఏదైనా పాటల యాప్ వేసిస్తాను కదా నాన్నా" అన్నాడు. వాడి ఉద్దేశం మంచిదే. ఒక్క ‘కాలక్షేపం’ అన్న మాట దగ్గరే మాకు పేచీ.

ఈ ఊళ్లో ఉంటూ కాలక్షేపం అంటే టైంపాస్ అనుకోవడం తప్పు. హరికథను మన పెద్దలు కాలక్షేపం అన్నారు. ఆదిభట్ల నారాయణదాసు కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, గంటల తరబడి పాడుతూ ఆడుతూ కథ చెప్పడం కాలక్షేపం. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయన తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు. 1983 నాటి జీవో లెక్కన ఆ కొలువు ఒక్క ఏడాది ముచ్చట. అరవై దాటాక ఆయన ఊరుకున్నాడా? ఉమర్ ఖయ్యాం రుబాయీలను పట్టుకుని సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ దించాడు. పారశీక మూలం చూసుకునే ఆ పని చేశాడు. ఎవరూ అడగలేదు, ఏ ప్రమోషనూ రాదు. అదీ కాలక్షేపం. ఆ మాటను ఈడ్చి రిమోటు పక్కన కూర్చోబెట్టింది మనం.

సంప్రదాయం పేరు చెప్పి మా నోళ్లు మూయించేవాళ్లకు నేనొకటి అడుగుతాను. ఏ సంప్రదాయంలో ముసలివాళ్లు చేతులు కట్టుకు కూర్చున్నారు? సీమ పల్లెల్లో చెక్కభజన చూశారా? రామనామం అంటూనే అడుగు మార్చాలి, వంగాలి, లేవాలి, తిరగాలి. ‘కృష్ణా రామా’ అనడానికి మనవాళ్లు ఎంచుకున్న పద్ధతుల్లో సగం చెమట పట్టేవే. పాత గుళ్ల మండపాల్లో బండల మీద పులిజూదం గళ్లు చెక్కి ఉంటాయి. దేవుడి ఎదురుగానే ఆడుకున్నారన్నమాట. మా నాయనమ్మ డెబ్బై అయిదో ఏట కూడా బొంతలు కుట్టేది. పాత చీరలు ఎంచి, అంచులు విడదీసి, ఏ రంగు పక్కన ఏ రంగు పడాలో చూసుకుని, కుట్టు వంకర పోతే విప్పి మళ్లీ కుట్టేది. ఇంట్లో అప్పటికే బొంతలు బోలెడు. అయినా కుట్టేది. మధ్యాహ్నం పక్కింటావిడతో వామనగుంటలు. చింతపిక్కలు లెక్క తప్పితే ఆమెతో రెండు రోజులు మాటలుండేవి కాదు. వయసులో పెద్దావిడ కదా ఓడిపోతే పోనీ అనుకునే రకం కాదు మా నాయనమ్మ. ఆవిడ జీవితంలో హాబీ అన్న మాట వినలేదు.

వాళ్లు ఆడుకున్న అరుగు పోయింది. అరుగు మీద కూర్చుని దారిన పోయేవాణ్ణి పిలిచి ఆటకు కూర్చోబెట్టుకునే వీలు పోయింది. రెండు పడగ్గదుల ఫ్లాటు వచ్చింది, అందులో పెద్దవాళ్లకు మిగిలిన చోటు సోఫా. చోటు లేక వచ్చిన ఇరుకును శాస్త్రం చెప్పిన వానప్రస్థంగా చలామణీ చేస్తున్నాం. జపం ఇష్టంగా చేసుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. మా వీధి చివర ఒకాయన రోజూ తెల్లవారుజామున రామకోటి రాస్తారు, అక్షరం ముత్యంలా ఉంటుంది. ఆయనకు అది నిజమైన వ్యాపకం. జపం చేతకానివాణ్ణి కూడా అందులోకి తోసి తలుపు వేస్తామంటేనే పేచీ.

ఇక "పడితే?" అన్న భయం. ఇది ఉత్తుత్తి భయం కాదు. తుంటి విరిగి మంచమెక్కినవాళ్లను నేనూ చూశాను. అయితే ఈ భయం చూపించి కూర్చోబెడితే ఏమవుతుంది? తొడలు పలచబడతాయి. లేవడానికి చేతులు కావలసి వస్తాయి. తర్వాత నిజంగానే పడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన మాట చూడండి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి, దానికి తోడు వారానికి మూడు రోజులైనా ఒంటి నిలకడనూ కండ బలాన్నీ పెంచే పనులు చేయాలి. పడిపోకుండా ఉండటానికే ఈ రెండోది.

ఆ నిలకడ పని ఎలా ఉంటుందో మా ఆవిణ్ణి చూస్తే తెలుస్తుంది. ఆమెకు అరవై రెండు. మేడ మీద సాయంత్రాలు పదహారుమంది ఆడవాళ్లు కోలాటం వేస్తారు. ఒక కాలి మీది బరువు రెండో కాలికి మార్చాలి, అదే సమయంలో ఒళ్లు తిప్పాలి, ఎదుటావిడ కోలకు తన కోల తగిలించాలి, పాట వినాలి, తర్వాతి కోపు గుర్తుంచుకోవాలి. ఒకావిడ తప్పితే గొలుసు మొత్తం తెగుతుంది. ఫిజియోథెరపీ అన్నామంటే కొడుకులు డబ్బు కట్టి మరీ పంపుతారు. కోలాటం అన్నామో, "ఈ వయసులో గెంతులేంటమ్మా" అంటారు. ఆ పదహారుమందిలో ఐదుగురు ఇంట్లో చెప్పకుండా వస్తున్నారు. గుడికని చెప్పి వస్తున్నారు. అరవై ఏళ్ల ఆడది కోలాటానికి అబద్ధమాడి రావలసి రావడం ఎవరికీ వింతగా తోచదు. రామతీర్థం ఉత్సవాలకు అంతా ఒకే రంగు చీరలు కట్టుకుని వేసినప్పుడు మాత్రం ఆ కొడుకులే ఫోను పైకెత్తి వీడియో తీస్తారు. దేవుడి ముందు వేస్తే భక్తి, మేడ మీద వేస్తే గెంతులు.

ఇక్కడ నా పక్షం వాళ్లతోనే నాకో తగువుంది. ఈ మధ్య వాట్సప్‌లో ఒక కొత్త రకం మేలుకోరేవాళ్లు బయల్దేరారు. సుడోకు నింపితే మతిమరుపు రాదట, మొక్కలు పెంచితే బీపీ తగ్గుతుందట, చప్పట్లు కొడితే గుండెకు మంచిదట. సరదాను మాత్ర చేసి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాసిస్తున్నారు. వీళ్లు సోఫా పక్షానికి విరోధుల్లా కనిపిస్తారు గానీ, ఇద్దరి ఉద్దేశమూ ఒకటే. ముసలివాళ్లు దేన్నైనా ఇష్టపడి చేయడమన్నది ఇద్దరికీ మింగుడు పడదు.

2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనాన్ని వీళ్లు తరచూ తిప్పుతుంటారు. న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతంలో 75 దాటిన 469 మందిని ఐదేళ్లకు పైబడి గమనించారు. చదువుకునేవాళ్లలో, బల్ల మీద ఆటలు ఆడేవాళ్లలో, వాయిద్యం వాయించేవాళ్లలో, డ్యాన్సు చేసేవాళ్లలో మతిమరుపు జబ్బు తక్కువగా కనబడింది. బాగుంది. మరి బుర్ర చురుగ్గా ఉన్నవాళ్లే ఆటలకు కూర్చున్నారేమో? జబ్బు లోలోపల మొదలైనవాడు ముందే పేకముక్కలు పక్కన పడేసి ఉంటాడేమో? ఆ అనుమానం ఈ తరహా అధ్యయనాలన్నిటికీ ఉంటుంది, పరిశోధకులకూ తెలుసు. ఫార్వర్డులో ఆ ముక్క ఎగిరిపోతుంది. రేపు ఎవరో వచ్చి ఫిడేలు వల్ల మతిమరుపు ఆగదని తేల్చారనుకోండి, నేను ఫిడేలు అటకెక్కించాలా?

నాకు ఆసక్తి కలిగించిన లెక్క ఇంకోటుంది. 2023లో నేచర్ మెడిసిన్‌లో, 16 దేశాల్లో 65 దాటిన 93 వేలమందికి పైగా సమాచారాన్ని కలిపి చూశారు. మన దేశం అందులో లేదు. హాబీ ఉందన్నవాళ్లలో దిగులు తక్కువ, బతుకు మీద తృప్తి ఎక్కువ అని తేలింది. అది సరే. డెన్మార్కులో నూటికి 96 మందికి హాబీ ఉంది, స్పెయిన్‌లో 51 మందికే ఉంది. డెన్మార్కు ముసలివాళ్ల మోకాళ్లు స్పెయిన్ వాళ్ల మోకాళ్లకన్నా అంత గట్టివని నేననుకోను. అడ్డం పడేది మోకాళ్లే అయితే అంత తేడా రాదు. చుట్టూ ఉన్నవాళ్లు, చేతిలో డబ్బు, పోవడానికి ఒక చోటు, "ఎందుకండీ" అనేవాళ్లు ఎందరు, "రండి" అనేవాళ్లు ఎందరు - తేడా అక్కడుందని నా అనుమానం.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అమెరికా నుంచి వచ్చే పిల్లలు అమ్మానాన్నలకు ఏం తెస్తారో లెక్కపెట్టండి. విటమిన్ సీసాలు, బీపీ మిషను, మోకాళ్ల పట్టీ, పడిపోతే మోగే గడియారం. ఒక రంగుల పెట్టె తెచ్చినవాణ్ణి నేను చూడలేదు. నా సహోద్యోగి ఒకాయన హార్మోనియం కావాలంటే, కొడుకు "అంత డబ్బెందుకు నాన్నా" అని, అంతకు రెట్టింపు పెట్టి ఒళ్లుపట్టే కుర్చీ కొనిచ్చాడు. ఇప్పుడా కుర్చీలో ఉతికిన బట్టలు ఆరేస్తున్నారు.

"మనవల్ని చూసుకోవడం కన్నా వ్యాపకం ఏముంది?" అంటారు. ఇదొక్కటే కాస్త పదునున్న వాదన. మా అమ్మాయి పురుటికి మా ఆవిడ డల్లాస్ వెళ్లి ఆరు నెలలుంది. మనవరాలంటే ప్రాణం. పొద్దున ఆరింటికి చంకనెత్తుకుంటే రాత్రి తొమ్మిదింటికి దించడం. కారు రాదు, పక్కింటికి నడిచి వెళితే పలకరించే మనిషి లేడు. తిరిగొచ్చాక, "ప్రేమ ఉంది కదా, పని అనిపించలేదా?" అంటే, "ప్రేమ ఉంది. పనీ పనే" అంది. ఇష్టమున్నప్పుడు ఆపగలిగేదాన్ని సరదా అంటాం. పసిబిడ్డను అలా ఆపలేం. మనవల పెంపకాన్ని హాబీ అని పిలిస్తే ఆయా జీతం మిగులుతుందన్న లెక్క ఈ వాదన వెనక దాగి ఉందేమోనని, కాస్త కటువుగానే, అంటున్నాను.

"ఏం సాధించాలని?" అన్నదానికి మా ఉత్తరాంధ్రలోనే జవాబులున్నాయి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండగా సవరల భాష మీద మనసుపడ్డాడు. నేర్పేవాళ్లు లేరు, పుస్తకం లేదు, ఆ భాషకు లిపి లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. జీతానికీ దానికీ సంబంధం లేదు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. అప్పటికి ఆయనకు 75. శ్రీకాకుళం మనిషి కాళీపట్నం రామారావు మాస్టారు 1979లో బడి నుంచి రిటైరయ్యారు. రాసిన కథలు రాశారు, పేరు వచ్చింది, 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డూ వచ్చింది. ‘కృష్ణా రామా’ అనుకోవడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. ఆయన ఊరూరా తిరిగి పాత పత్రికలు పోగేయడం మొదలెట్టారు. ఎవరో అటక మీద పడేసిన సంచికలు, చెదలు తినగా మిగిలినవి. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట ఉండాలన్న పిచ్చి. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తలుపులు తెరిచేసరికి ఆయనకు 72 ఏళ్లు. 2021లో పోయేదాకా ఆయనకు అదే ధ్యాస. తెలంగాణలో కూరెళ్ల విఠలాచార్య అనే మరో పంతులు ఎల్లంకిలోని తన ఇంటినే గ్రంథాలయం చేసేశారు.

పిచ్చి అన్నాను. హాబీకి అభిరుచి, వ్యాపకం, ప్రవృత్తి అని ఎన్ని మాటలున్నా జనం నోట ఉన్నది ఇదొక్కటే. పుస్తకాల పిచ్చి, మొక్కల పిచ్చి, చదరంగం పిచ్చి. కుర్రాడికి పిచ్చి ఉంటే మురిసిపోతాం. డెబ్బై ఏళ్లవాడికి ఉంటే డాక్టరుకు చూపిద్దామంటాం. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలో ఇంటి కప్పు మీద కూరగాయలు పండించి, ఆ పిచ్చిని ఎంతోమందికి అంటించారు. రచయిత్రి అబ్బూరి ఛాయాదేవి పనికిరాని వస్తువులు ఏరి బొమ్మలు చేసేది. పెద్దవయసులో తన ఇష్టంతోనే వృద్ధాశ్రమానికి వెళ్లి ఉంది, ఎవరో తోసేస్తే కాదు.

వాళ్లంతా గొప్పవాళ్లు, మనమెక్కడ అనేవాళ్లుంటారు. సరే, మా రమ్మీ బల్ల దగ్గరికి రండి. నాతోపాటు ఆడే ఆర్టీసీ కండక్టరు ఒకాయన ఎవరు ఏ ముక్క ఎప్పుడు కింద వేశారో ఆట చివర్లో వరసగా ఒప్పజెబుతారు. పైసలు పెట్టం, పాయింట్లు రాసుకుంటాం, ఓడినవాడు టీలు తెప్పించాలి. "పేకాటా!" అని కనుబొమలు ఎగరేసేవాళ్లకు ఒక ముక్క: సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లోనే సుప్రీంకోర్టు రమ్మీ నేర్పుతో కూడిన ఆట అంది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి కదా అని కారణం కూడా చెప్పింది. మా కండక్టరు గారు ఆ తీర్పు చదవలేదు, చదవనక్కర్లేదు కూడా.

నా ఫిడేలు కథ ఎంతదాకా వచ్చిందో చెప్పాలి. మా టీచరమ్మ ఇక్కడి సంగీత కళాశాలలోనే చదువుకుంది. మొదటి రోజు నన్ను తొమ్మిదేళ్ల పిల్ల పక్కన చాప మీద కూర్చోబెట్టింది. బాసింపట్టు వేయడానికే నాకు పావుగంట పట్టింది. నా కమాను తీగ మీద పడితే పిల్లి తోక తొక్కిన చప్పుడు. సరళీ వరుసలకు ఏడు నెలలు, జంట వరుసలకు ఇంకో ఏడాది. "తాతగారూ, తాళం పరిగెత్తిపోతోంది" అని ఆ పిల్ల నన్ను దిద్దేది. ఏ ఆఫీసరూ నన్ను అంత నిక్కచ్చిగా దిద్దలేదు. మలహరిలో గీతాలు దాటి, స్వరజతులు దాటి, ఇన్నేళ్లకు మోహన వర్ణం దగ్గర ఉన్నాను. బాగా వాయించను. ఇకముందూ వాయించను. ఆ సంగతి తెలిసీ రోజూ గంటసేపు కూర్చుంటాను. బాగా చేయలేనిదాన్ని చేస్తూ పోయే హక్కు నాకు అరవైలో దొరికింది. ఆఫీసులో ఉండగా దొరకలేదు, బడిలో అసలే దొరకలేదు.

ఆ పిల్ల నాకన్నా చాలా ముందుకు పోయింది. కీర్తనలు వాయించేది. నిరుడు జూన్‌లో ఇంటర్‌లో చేరి హాస్టలుకు వెళ్లింది. కాలేజీ పొద్దున ఆరున్నరకు మొదలై రాత్రి ఎనిమిదింటికి వదులుతుంది, ఆదివారం పరీక్ష. వాళ్ల నాన్న వచ్చి, "రెండేళ్లు ఆగితే చాలు మాస్టారూ, ఎంసెట్ అయిపోగానే మళ్లీ పంపుతాను. ఇప్పుడీ వయసులో దానికెందుకండీ" అన్నాడు. అరవైలో మాకు హాబీలు ఎందుకుండవో నాకు అప్పుడు తెలిసింది. పదహారులోనే కోసేస్తున్నారు.

హాస్టల్లో పెట్టుకోవడానికి చోటు లేదని దాని ఫిడేలు మా ఇంట్లో ఉంచి వెళ్లింది. ఆదివారం ఆదివారం పెట్టె తీసి, రాళ దుమ్ము తుడిచి, తీగలు బిగించి శ్రుతి చేస్తున్నాను. నా శ్రుతి ఎంత సరో అదే వచ్చి చెప్పాలి.